పండగకి ముందు రోజే వెళ్ళు, అమ్మలూ

అమ్మలూ,

కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో కోర్సు మొదలయ్యేలోపు ఏమేం తెలుసుకోవాలో రాయమన్నావు. వీసా, అద్దె గది సంగతులు అక్కడి వాళ్ళే చెప్తారు. ఆ ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను కాబట్టి నేను చెప్పేది ఒకటుంది. ఏ పండగకైనా ముందు రోజే వెళ్ళి ఏదో ఒక పని అందుకో. పండగ నాడు వెళితే నలుగురిలో నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం, అంతే.

నీకు ముందు జపాన్ వాళ్ళ పండగలే ఎదురవుతాయనుకుంటా, ఎందుకంటే రాయల్ యూనివర్సిటీ ఆవరణలోనే కంబోడియా-జపాన్ కోఆపరేషన్ సెంటర్ ఉంది, జపనీస్ క్లాసులూ అక్కడే, ఏటా కిజునా ఫెస్టివల్ కూడా అక్కడే. కిజునా అంటే అనుబంధం. అక్కడి 500 రియల్ నోటు వెనక్కి తిప్పి చూడు, జపాన్ సాయంతో మెకాంగ్ మీద కట్టిన రెండు వంతెనలుంటాయి, అందులో ఒకదాని పేరూ కిజునానే.

జులై 7న తనబాత. వెదురు కొమ్మకి కోరికలు రాసిన రంగు కాగితాలు కడతారు. ఆ కాగితాలు కత్తిరించడానికి నేను ముందు రోజు వెళ్ళి కూర్చున్నాను, పక్కన ఉన్న ఖ్మేర్ పిల్లలు (కంబోడియా వాళ్ళనీ, వాళ్ళ భాషనీ ఖ్మేర్ అంటారు) నా కోరికని జపనీస్‌లో రాసిచ్చి, మళ్ళీ అదే వాక్యం ఖ్మేర్‌లో నాచేత నాలుగుసార్లు రాయించారు. ఖ్మేర్ లిపి చూసి టెన్షన్ పడకు. మన క, ఖ వరుసే, మనలాగే ఒత్తులు కూడా ఉన్నాయి, ఒత్తుని వాళ్ళు పాదం అంటారు. మాటల మధ్య ఖాళీ వదలరు, కొన్నాళ్ళు అదే ఇబ్బంది. జపనీస్‌లో లిపి కష్టం గానీ వాక్యం మన పద్ధతే, క్రియ చివరకి వస్తుంది, మన కి, లో లాంటివి మాట వెనకే వస్తాయి. అందుకని తెలుగులోంచి నేరుగా వెళ్ళు, మధ్యలో ఇంగ్లీషు పెట్టుకోకు.

తిండి విషయంలో మాత్రం మొహమాటపడకు. నువ్వు చేపలు తినవు కదా, మీసో సూప్‌లో ఎండు చేప తురుముతో కాచిన రసం ఉంటుంది, ఖ్మేర్ కూరల్లో చాలావాటిలో పులియబెట్టిన చేప, ప్రహోక్, పడుతుంది. వంట మొదలవక ముందే చెప్పు, వడ్డించాక వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకు, జపాన్‌లో అది చావు ఇంట్లో చేసే పని.

ఇక ప్చుమ్ బెన్, పోయిన పెద్దలకి అన్నం ముద్దలు పెట్టే ఖ్మేర్ పండగ. దీన్ని మాత్రం వదులుకోవద్దు. ఖ్మేర్ నెల ఫత్రబోత్ అంటే మన భాద్రపదం, అందులో పౌర్ణమి దాటాక పదిహేను రోజులు, అంటే చాలా ఏళ్ళు సరిగ్గా మన మహాలయ పక్షాల్లోనే. బెన్ అన్న మాట కూడా పిండం లోంచి వచ్చిందే. జపాన్ వాళ్ళు ఆగస్టులో ఓబోన్ పండగకి పోయిన పెద్దవాళ్ళు త్వరగా రావాలని దోసకాయతో గుర్రాన్నీ, నెమ్మదిగా వెళ్ళాలని వంకాయతో ఆవునీ చేసి పెడతారు, అది చూసినప్పుడే నాకు కళ్ళు చెమర్చాయి. ప్చుమ్ బెన్‌కి మా వీధిలో ఒక బామ్మ ముందు రోజు సాయంత్రం నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, జిగురు అన్నంలో నువ్వులు కలిపి ముద్దలు చేయించింది, అరటిపండు పెట్టి ఆకులో చుట్టే అన్సోమ్ కట్టడం కూడా నేర్పింది. తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లోనే గుడికి వెళ్ళాం. అక్కడ ఆడా మగా అందరూ ముద్దలు వేస్తారు. మన ఇంట్లో నాకెప్పుడూ దక్కని పని అది. ఎవరి పేరు చెప్పాలో చెప్పు అంది బామ్మ. మా నాన్న పేరు చెప్పాను.

కార్తీక పౌర్ణమికి నీళ్ళ పండగ, మూడు రోజులు పడవ పందాలు. కొత్త వడ్లు వేయించి దంచిన అంబోక్, అంటే మన అటుకులే, అరటిపండుతో తింటారు. దంచే చోటికి వెళ్ళు గానీ నది ఒడ్డున రాత్రి గుంపుల్లోకి, వంతెనల మీదకి వెళ్ళకు. 2010లో ఆ పండగ రాత్రే కోహ్ పిచ్ వంతెన మీద తొక్కిసలాటలో సుమారు 350 మంది పోయారు. ఈ మాట నువ్వు వినే తీరాలి.

ప్చుమ్ బెన్‌కి ముద్దలు చేసేటప్పుడు నువ్వులు దోరగా వేయించు, మీ తాతయ్యకి పచ్చి వాసన పడదు. ఆయన పేరు చెప్పి ఒకటి నా తరఫున వెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ