వీడియోలు అయిపోయాయి, వాక్యం రాలేదు

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చదవడం, రాయడం నేర్పడం గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. అన్నీ ‘ఎప్పుడు వీలైతే అప్పుడు చూసుకోవచ్చు’ అనే సెల్ఫ్ పేస్డ్ కోర్సుల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

మా అబ్బాయి హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ స్కూల్లో ఏడో తరగతి. ఆన్‌లైన్ తెలుగు కోర్సులో 40 వీడియోలూ చూసేశాడు. క్విజ్‌లలో తొంభైకి తగ్గడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ‘వస్తే’ని ‘వసేత’ అంటున్నాడు. ఏం చేయాలి?

ముందు ఆ తొంభైని పక్కన పెట్టండి. నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడానికి అక్షరాన్ని గుర్తుపడితే చాలు. గట్టిగా చదవాలన్నా, చూడకుండా రాయాలన్నా గుర్తుపట్టడం చాలదు.

‘వసేత’ అనడం అజాగ్రత్త కాదు, దాని వెనక ఒక లెక్క ఉంది. ‘స్తే’లో ఏత్వం కంటికి ‘స’ మీద కనిపిస్తుంది, నోట్లో మాత్రం ‘త’ తర్వాత పలుకుతుంది. పిల్లవాడు కనిపించిన వరుసలోనే చదువుతున్నాడు. అందుకని మాటను విడగొట్టి రాయించండి: వ, స్, త్, ఏ. తర్వాత కలిపి రాయించి, చదివించండి.

ఒత్తులన్నిటినీ ‘క’ నుంచి వరుసగా నేర్పాల్సిన పని లేదు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే, పిల్లలు వాటిని ఊహించగలరు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలిక ఉండదు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ ఆరింటి దగ్గరే. మొదటి వారం ద్విత్వాలు: అత్త, కన్ను, అమ్మ, అయ్య, బర్రె, పిల్ల. రెండో వారం సంయుక్తాలు: రత్నం, పద్మ, విద్య, చక్రం, క్లాసు. ‘వస్తే’, ‘చూస్తున్నారు’ లాంటివి మూడో వారానికి ఉంచండి.

రోజుకు 20 నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు విడగొట్టి కలపడం, పది నిమిషాలు అరవై, డెబ్భై మాటల పేరాను మూడుసార్లు గట్టిగా చదవడం, ఐదు నిమిషాలు ఐదు మాటల డిక్టేషన్. మూడోసారి చదివింది ఫోన్‌లో రికార్డు చేసి, సోమవారంది, శుక్రవారంది శనివారం నాడు వాడికే వినిపించండి. వంద మాటల్లో పదికి మించి తప్పులొస్తే ఆ పుస్తకం ఇప్పుడు బరువు, కింది తరగతిది తీయండి. వీడియోలు మానక్కర్లేదు. వాడు ఒకసారి సొంతంగా చదివాక చూపిస్తే ఎక్కడ తప్పాడో వాడికే తెలుస్తుంది. ముందే చూపిస్తే కంఠతా వచ్చినట్టు అప్పజెప్పేస్తాడు.

ఇంకొకటి. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని ఇంగ్లిష్‌కు వేసిన పట్టికలతో తెలుగును కొలవకండి. ‘వెళ్లిపోతున్నారనుకున్నాను’ మనకు ఒక్క మాట, అక్షరాలు పది. వేగం చూడాలనుకుంటే అక్షరాలు లెక్కపెట్టండి.

విజయనగరం జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుణ్ని. ఎనిమిదో తరగతిలో 30 మంది. ఇంటికొక ఫోనే, అదీ నాన్న ఇంటికొచ్చాకే దొరుకుతుంది. ఎవరి వేగంతో వాళ్లు చేసుకునేలా పాఠాలు తయారు చేయాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

వీడియోతో మొదలుపెట్టకండి. మీరు స్పష్టంగా చదివిన మూడు నిమిషాల ఆడియో 64 కేబీపీఎస్‌లో ఒకటిన్నర ఎంబీకి మించదు. నెట్ సరిగా లేని ఊళ్లోనూ వాట్సాప్‌లో వెళ్తుంది, ఫోన్ అరగంటే దొరికినా సరిపోతుంది. పాఠాన్ని అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైప్ చేసే అలవాటుంటే పీడీఎఫ్ చేసి పంపండి. అక్షరాలను కాపీ చేసి పంపితే పిల్లల ఫోన్లలో పిచ్చిగీతలు వస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో టైప్ చేసుకుంటే ఈ బాధ లేదు.

వారానికి ఒక పాఠం. అందులో ఒక ఆడియో, చదవడానికి ఒక పేజీ, ఐదారు కొత్త మాటలు, నోటు పుస్తకంలో రాయాల్సిన పని ఒకటి. రాసిన పేజీ ఫోటో మీకు చేరాకే తర్వాతి పాఠం పంపండి. ఈ గేటు లేకపోతే ఏమవుతుందో చెప్పడం కష్టమేమీ కాదు: వినేవి, నొక్కేవి అన్నీ పూర్తవుతాయి, రాసేవి మాత్రం కుప్ప పడతాయి. గడువు పది రోజులు పెట్టండి. ఆ పది రోజుల్లో ఏ రోజు చేసుకుంటారన్నది పిల్లల ఇష్టం. మిగతా తరగతి కంటే రెండు పాఠాలు వెనకబడ్డవాళ్లను బడిలోనే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి.

రాత పనుల వరుస మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. మొదటి రెండు వారాలు వాక్యాలు కలపడం: ‘సీత బజారుకు వెళ్లింది. సీత కూరలు తెచ్చింది’ అన్నవి ‘సీత బజారుకు వెళ్లి కూరలు తెచ్చింది’ అవుతాయి. ఇది రాగానే పిల్లలు అన్నిటినీ ‘ఇ’తో కలిపేస్తారు. ‘నాన్న బజారుకు వెళ్లి నేను అన్నం తిన్నాను’ లాంటివి వస్తాయి. పని చేసేవారు మారితే ‘వెళ్లాక’ అనాలని అప్పుడు చెప్పండి. ముందే సూత్రంగా చెబితే నిలవదు. ఆ తర్వాత మూడు వారాలు ఐదు వాక్యాల పేరాలు: రాగి జావ ఎలా కాస్తారు, సైకిల్ పంక్చర్ ఎలా వేస్తారు. ఇంట్లో చూసిన పని కాబట్టి ఏం రాయాలన్న వెతుకులాట ఉండదు, ఏది ముందు ఏది తర్వాత అన్నదే చూసుకోవాలి. అక్కడి నుంచి సొంత మాటల్లో సారాంశం: చదివి, పుస్తకం మూసి, రెండు నిమిషాలు ఆగి, మూడు వాక్యాలు. పుస్తకం తెరిచి ఉంటే అది ఎత్తిరాతే. లేఖ, అభిప్రాయం చివరికి. ‘నీటి కాలుష్యం’ మీద వ్యాసం మాత్రం ఇవ్వకండి, ముప్ఫై మంది నుంచీ ఒకే గైడు తిరిగి వస్తుంది.

ఇక దిద్దుబాటు. ఒక్కో పేజీకి పది నిమిషాలైతే 30 పేజీలకు ఐదు గంటలు. ఏ మాస్టారూ రెండో నెల దాటి చేయలేరు. ఒక్కో పేజీలో రెండే గుర్తులు పెట్టండి, విషయం గురించి ఒకటి, అక్షరదోషం గురించి ఒకటి. మూడేసి నిమిషాలు, మొత్తం గంటన్నర. గుర్తు పెట్టిన రెండు వాక్యాలనే తిరగరాయించండి. పేజీ అంతా ఎర్రగా చేస్తే పిల్లలు దాన్ని చదవకుండానే మడిచేస్తారు.

నోటు పుస్తకంలో ఎందుకు, ఫోన్‌లోనే టైప్ చేస్తానంటోంది మా అమ్మాయి. ఒప్పుకోవచ్చా?

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు అయితే వద్దు. కింద వచ్చే మాటల్లో ఒకటి నొక్కుతుంది, అంతే. ఒత్తు, దీర్ఘం ఫోనే పెట్టేస్తుంది. తెలుగు అక్షరాలు, గుణింతాలు నేరుగా కీల మీదే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, సూచనలు ఆపేస్తే పర్వాలేదు. అందులో ‘వస్తే’ రావాలంటే వ, స, పొల్లు, త, ఏత్వం ఇదే వరుసలో కొట్టాలి. పైన ‘వసేత’ అన్న అబ్బాయికి కూడా ఇది మంచి మందు. అయినా బడి పరీక్షలు చేత్తోనే కాబట్టి మొదటి ప్రతి కాగితం మీదే రాయించండి.

కోర్సు చివర సర్టిఫికెట్ ఇస్తారట. స్కూల్లో పనికొస్తుందా?

రాదు. తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు బడుల్లో తప్పనిసరి సబ్జెక్టు అయింది. బడి పరీక్ష రాయాల్సిందే.

డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం ఇప్పుడే కోర్సులో నేర్చుకుంటోంది. కథలు చిన్నపిల్లలవని విసుక్కుంటోంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, కూర్చుని వినే తీరిక ఉండదు.

విసుగు న్యాయమే. పన్నెండేళ్ల పిల్ల చేత కుందేలు, తాబేలు చదివిస్తే ఎవరికైనా అదే. అక్షరాలు సులువుగా ఉండాలి, విషయం వయసుకు తగ్గది కావాలి: సినిమా పోస్టర్లు, క్రికెట్ వార్తల శీర్షికలు, పచ్చళ్ల ప్యాకెట్ల మీది రాతలు, తనకు నోటికొచ్చిన పాటల సాహిత్యం. పాట ఎలాగూ తెలుసు కాబట్టి కళ్లు అక్షరాన్ని మాటతో జోడిస్తాయి.

వినడానికి అమ్మమ్మనో తాతయ్యనో పెట్టండి. చదివే పేజీ ఫోటో ముందే పంపించండి. వేసవిలో మీ రాత్రి ఎనిమిదికి ఇక్కడ మర్నాడు ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాఫీ వేళ. వారానికి మూడు రోజులు, ఐదేసి నిమిషాలు. మధ్యలో ఆపి దిద్దవద్దని అమ్మమ్మకు ముందే చెప్పండి, ఆవిడకు అదే కష్టం. తప్పిన మాటలు ఒక చీటీ మీద రాసుకుని చివర్లో మూడు మాత్రమే చెప్పాలి. ల, ళ కలిపేస్తుంటే కల–కళ, పాలు–పాళ్లు లాంటి జంటలను అమ్మమ్మ పలకాలి, మనవరాలు విని రాయాలి. ఆ రోజు వీడియో కాల్ కుదరకపోతే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టినా సరే, జవాబు మాత్రం ఆ రోజే రావాలి.