మళ్లీ దొరకని గొంతులకు ఏ డిస్కు?

తమ్మీ,

అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటల్లో పెద్దమనుషుల ముచ్చట్లు, నల్లగొండ పల్లెల్లో ఒగ్గు కథలు రికార్డు చేస్తున్నవని రాసినవు. వాటిని దాచేటందుకు సీడీ, డీవీడీ, బ్లూరేల్లో ఏ డిస్కు కొనాలని అడిగినవు. కొనేముందు ఫైళ్లను రెండు కుప్పలు చెయ్యి. నువ్వింకా దిద్దుతున్న కథలు ఒకటి, మళ్లీ దొరకని గొంతులు ఇంకోటి. మొదటిదానికి పెన్‌డ్రైవు, హార్డ్‌డిస్కు చాలు. సీడీ, డీవీడీ లాంటి డిస్కు రెండోదాని కోసమే.

అందుకే కవరు మీద ‘ఆర్‌డబ్ల్యూ’ (రీరైటబుల్) అని ఉన్న రకం వద్దు. చెరిపి మళ్లీ రాసే వీలుంటే ఎవరో ఒకరు తెల్వక చెరుపుతరు. ఉత్త ‘ఆర్’ అని ఉన్నది తీసుకో, ఒక్కసారి రాస్తే రాసినట్టే.

సైజు లెక్క చూడు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో తీసిన వేవ్ ఫైలు (కుదించని ఆడియో) గంటకు 1 జీబీ దాటుతది. సీడీలో పట్టేది 700 ఎంబీనే. డీవీడీ మీద 4.7 అని ఉంటది, కంప్యూటరేమో 4.37 చూపిస్తది. అది మోసం కాదు, లెక్కకట్టే తీరు వేరు. నాలుగు గంటలు పడతయి. ‘డీవీడీ+ఆర్’, ‘డీవీడీ-ఆర్’ అని రెండు రకాలుంటయి, ప్లస్సా మైనసా అని గాబరా పడకు, ఇప్పటి రైటర్లు (డిస్కు రాసే డ్రైవులు) రెండూ తీసుకుంటయి. 8.5 జీబీ డబుల్ లేయర్ (రెండు పొరల) డీవీడీ మాత్రం నేను చెప్పను. ఒక పొర నుంచి ఇంకో పొరకు మారేకాడ రైటింగు తప్పే ప్రమాదముంది. దానికన్నా మామూలువి రెండు మేలు.

బ్లూరే డిస్కులో 25 జీబీ పడతది, దానికి బ్లూరే రైటరే కావాలె. సీడీ, డీవీడీల్లో రాత రంగుపొర మీద పడతది, ఎండకు, వెలుతురుకు ఆ రంగు చెడుతది. బ్లూరేలో ఎక్కువవాటికి ఆ రంగు ఉండదు, అందుకే ఎక్కువ నమ్మకం. కవరు మీద ‘ఎల్‌టీహెచ్’ అని ఉంటే అది మళ్లీ రంగుపొరదే, వదిలెయ్యి. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూరేల తయారీ ఆపింది. కొనేదుంటే డిస్కులతోపాటు డ్రైవు కూడా ఇప్పుడే చూసుకో.

16ఎక్స్ వేగం రాసి ఉన్న డీవీడీని 8ఎక్స్ వేగంలోనే రైట్ చెయ్యి. రాసింది సరిగ్గా పడ్డదా అని చూసే ‘వెరిఫై’కి టిక్కు పెట్టు, చివర ఫైనలైజ్ చెయ్యి, అంటే డిస్కును మూసెయ్యి. తర్వాత ఇంకో కంప్యూటర్లో పెట్టి, ఫైలు చివరి నిమిషం దాకా విను.

సీడీని వెలుతురుకు ఎత్తి చూడు. వెండిపొర పేరు రాసే దిక్కే, పల్చటి లక్కపూత కింద ఉంటది. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే ఆ పొర మీదనే గీత పడతది. డీవీడీలో పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉంటది, కొంత నయం. దేని మీదైనా నీళ్ల మార్కర్‌తో, నడిమి బొక్క చుట్టూ ఉన్న గాజులాంటి వలయం మీద రాయి. స్టిక్కరు అంటించకు, డిస్కు తిరిగేటప్పుడు ఊగుతది.

మే నెలల రేకుల ఇంట్లో, కారు అద్దం కాడ డిస్కు పెట్టకు. డబ్బాలో, నిలువుగా, చల్లటి అర్రలో ఉంచు. రెండో కాపీ ఇంకో ఊర్లో ఉండాలె.

యూనికోడ్ కాని పాత ‘అను’ తెలుగు ఫాంట్లలో కొట్టిన రాతప్రతులుంటే యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ కూడా జతచెయ్యి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాలన్నీ పిచ్చిగీతలైతయి. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, తారీఖు, ఊరు వచ్చేటట్టు పెట్టు.

కథ చెప్పినోళ్ల ఇంటికి ఇచ్చే కాపీ మాత్రం ఆడియో సీడీగా చెయ్యి. 80 నిమిషాలే పడతది గని, వాళ్లింట్ల పాత సీడీ ప్లేయర్లో కూడా పాడుతది.