పేపర్లో ప్రకటన వేస్తే కూతురి వాటా పోతుందా?

ప్రశ్న: మాది కోనసీమ. 2011లో వేరే కులం అబ్బాయిని రిజిస్టర్ మ్యారేజి చేసుకున్నాను. నాతో సంబంధం లేదని నాన్న పేపర్లో వేయించారు. ఆ కటింగ్ నా దగ్గర లేదు. 2015 దసరాకి వెళ్లి పొలంలో వాటా అడిగితే గుమ్మంలోంచే పంపేశారు. నాన్న వీలునామా రాయకుండా 2023లో పోయారు. అన్నయ్య పొలాన్ని రొయ్యల చెరువుకి లీజుకిస్తున్నాడు. స్టాంపు కాగితం మీద ‘నాకేమీ వద్దు’ అని సంతకం పెడితే అమ్మని చూడనిస్తానంటున్నాడు. పెట్టేయనా?

జవాబు: పెట్టకండమ్మా. నాలుగు పేజీల ఉత్తరంలో నాన్నగారి కోపం గురించే మూడున్నర పేజీలు రాశారు. ఆ పొలం ఆయనకెలా వచ్చిందో ఒక్క ముక్క లేదు. కేసంతా అక్కడే ఉంది.

నచ్చినవాడిని చేసుకోవడం మీ ఇష్టం. దానివల్ల గానీ, పేపర్లో ప్రకటన వల్ల గానీ వారసత్వం పోదు. మీరిద్దరూ హిందువులైతే ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయినా అంతే. పొలం పిత్రార్జితమై, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకాలు జరగకపోతే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం పుట్టుకతోనే మీకు అన్నయ్యతో సమాన హక్కు. పిల్లలు మీరిద్దరే అయితే తొమ్మిదింట నాలుగు వంతులు మీవి, నాలుగు అన్నయ్యవి, ఒకటి అమ్మగారిది. స్వార్జితమైతే ముగ్గురికీ తలా మూడోవంతు.

గడువు కూడా దీన్నిబట్టే. స్వార్జితమైతే మీ హక్కు పుట్టిందే 2023లో, ఇబ్బంది లేదు. పిత్రార్జితమైతే, వాటా లేకుండా చేశారని మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు. 2015 దసరా నుంచి లెక్కేస్తే 2027 దసరాతో సరి. ఆ ప్రకటనలో ఆస్తి మాట కూడా ఉంటే లెక్క 2011 నుంచే అని, గడువు దాటిపోయిందని అవతలి లాయరు వాదిస్తారు. అలాంటి కాగితాన్ని దాచుకోకపోవడం ఏమిటమ్మా? ఆ పత్రిక ఆఫీసులో పాత సంచిక వెతికించండి.

రిజిస్టరు కాని కాగితంతో హక్కు పోదులే అని ఎవరైనా చెప్తే నమ్మకండి. రేపు కోర్టులో దాన్నే మీ ఒప్పుకోలు అంటారు. అమ్మని చూడడానికి స్టాంపు కాగితం దేనికి? వెళ్లి చూడండి.

ఈ వారమే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పాత దస్తావేజుల నకళ్లు తీయించండి. పొలం ఎలా వచ్చిందో అవే చెప్తాయి. తర్వాత పంపకాల దావా వేసి, దాంతోపాటే తవ్వకాలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఉప్పునీరు నిలిచిన చేలో మళ్లీ వరి పండించడం మాటలు కాదు. ఫీజుకి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమలాపురం కోర్టుకి వెళ్లి మండల న్యాయ సేవాధికార సంఘం ఎక్కడని అడగండి. అర్జీతో పాటు ఆధార్ కాపీ, నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లండి.