బస్తీ సంఘానికి చందా కట్టాలా, బ్రోకరు బయానా తీసుకోవాలా?

ప్రశ్న: మూసీ ఒడ్డున 80 గజాల ఇంట్లో 26 ఏళ్లుగా ఉంటున్నాం. మా దగ్గర ఉన్నవి నోటరీ కాగితాలే. నా భర్త ఆటో నడుపుతారు. నేను దగ్గర్లో రెండిళ్లలో వంట చేస్తే నెలకు 9,000, వెనక పోర్షన్ అద్దె 6,000 వస్తాయి. బ్యాంకులో 3,40,000 ఉన్నాయి. మూసీ అభివృద్ధి పనుల కోసం ప్రభుత్వం ఇళ్లు తీసేస్తుందన్న భయంతో బస్తీ సంఘం కోర్టు ఖర్చులకు ఇంటికి 10,000 అడుగుతోంది. ఒక బ్రోకరు 16 లక్షలకు కొంటానని, 2 లక్షలు నగదుగా బయానా ఇస్తానని అంటున్నాడు. మా మరిది ఊరి బయట ప్లాటు కొనమంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు బ్రోకరు సంగతి చూద్దాం. నోటరీ కాగితంతో స్థిరాస్తి హక్కు చేతులు మారదు. అది రిజిస్టరు పత్రంతోనే జరగాలి. రిజిస్ట్రేషన్ కుదరని ఇంటికి మిగతా 14 లక్షలు ఎప్పుడు, ఏ కాగితం మీద ఇస్తాడో అతణ్ని అడిగి చూడండి. పైగా స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత కాగితాలు, ఇంటి స్వాధీనం అతని చేతికి వెళ్లిన రోజున మీరు పునరావాసం అడిగే అర్హత కూడా చిక్కుల్లో పడుతుంది.

2024 సెప్టెంబరు చివర్లో మూసీ ఒడ్డున గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని (ఇల్లు నదీగర్భంలో ఉందనే గుర్తు) రాసినప్పుడు అక్కడి కుటుంబాలకు ప్రత్యామ్నాయంగా చూపినవి డబుల్ బెడ్రూమ్ ఇళ్లు. అలాంటి ఇల్లు సుమారు 560 చదరపు అడుగులు ఉంటుంది, పైసా కట్టనక్కరలేదు. అయితే మీ లెక్క అక్కడితో ఆగదు. అది దూరంగా వస్తే మీ వంటపని, పోర్షన్ అద్దె రెండూ పోతాయి. నెలకు 15,000, అంటే ఏడాదికి 1,80,000. మీ వారి ఆటోకు అలవాటైన స్టాండు, తెలిసిన బేరాలు పోవడం దీనికి అదనం. కాబట్టి ఇల్లు ఇస్తారా అన్నదాని కన్నా ఎంత దూరంలో ఇస్తారన్నదే మీకు ఖరీదైన ప్రశ్న, అది ఒక్కరు అడిగితే తేలేది కాదు. సంఘానికి చందా కట్టమని నేను చెప్పడానికి కారణం ఇదే.

అయితే షరతులున్నాయి. సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉండాలి; డబ్బు సంఘం పేరిట, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతాలో పడాలి; ప్రతి చందాకు రసీదు, నెలనెలా ఖర్చుల లెక్క ఉండాలి. 10,000 ఒకేసారి ఇవ్వకుండా, సగం ఇప్పుడు, మిగతా సగం పిటిషన్ నంబరు వచ్చాక ఇవ్వండి. వకీలు ఫీజు గురించి ఒక్క మాట: న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. బస్తీ మహిళలే పిటిషనర్లుగా హైకోర్టు న్యాయసేవల కమిటీకి దరఖాస్తు చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంతమంది చందాలు వేసుకునే చోట ఈ సంగతి ఎవరికీ తట్టకపోవడం నేను చాలాసార్లు చూశాను.

‘15 రోజుల నోటీసు ఇవ్వకుండా కూల్చరాదని సుప్రీంకోర్టు చెప్పింది కదా’ అని మీ బస్తీలో ఎవరైనా ధీమాగా అంటే, 2024 నవంబరు 13 నాటి ఆ తీర్పు నదులు, చెరువుల పక్కన ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని స్పష్టంగా మినహాయించిందని చెప్పండి. మీకు ఎక్కువగా అక్కరకు వచ్చేది 2013 భూసేకరణ చట్టం. సేకరణ ఆ చట్టం కింద జరిగితే, పట్టణంలో అంతకుముందు మూడేళ్లు, ఆపైన నివసిస్తున్న కుటుంబం బాధిత కుటుంబమే, అంటే పునరావాసం అడగగలిగే కుటుంబమే, పట్టా ఉన్నా లేకపోయినా. అది ప్రభుత్వ స్థలమనీ, సేకరణ అక్కరలేదనీ అధికారులు వాదించవచ్చు. కోర్టులో పోరు అక్కడే జరుగుతుంది. ఆ పోరులో మీ తరఫు సాక్ష్యం కరెంటు బిల్లులు, ఇంటిపన్ను, నల్లా రసీదులు, రేషన్, ఓటరు కార్డులు, పిల్లల బడి సర్టిఫికెట్లు. అన్నిటినీ ఏళ్ల వరుసలో ఒక ఫైలులో పెట్టి, నకళ్లు బస్తీకి దూరంగా ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. అధికారుల సర్వే జాబితాలో మీ ఇంటి వివరాలు ఎలా నమోదయ్యాయో సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి.

ఇక మీ 3,40,000. ఇంటి ఖర్చులో ఆరు నెలలకు సరిపడా, సుమారు లక్షన్నర, పొదుపు ఖాతాలో కదపకుండా ఉంచండి. ఇల్లు మారాల్సి వస్తే అడ్వాన్సుకు, సామాన్ల రవాణాకు 60,000 విడిగా పెట్టండి. చందా పోగా మిగిలింది ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేస్తే అవసరానికి తెంచుకోవచ్చు. ప్లాటు వద్దు, అక్కడ మీరు రేపు ఉండలేరు, అవసరానికి అమ్మలేరు. నష్టపరిహారం పెరుగుతుందన్న ఆశతో పైన ఇంకో గది వేయడం, బంగారం కుదువపెట్టడం కూడా వద్దు.

వెనక పోర్షన్‌లో ఉన్న కుటుంబం పేరు సంఘం పట్టికలో ఉందో లేదో కూడా చూడండి. అద్దెకున్నవాళ్లు చేరితే తమ వాటా తగ్గుతుందని ఇంటివాళ్లు జంకుతారు. పునరావాసానికి చట్టం లెక్కించేది కుటుంబాలను. వాళ్లకు మూడేళ్లు నిండితే వాళ్లది వేరే దరఖాస్తు అవుతుంది, మీది తగ్గదు.