రెండో గేర్ దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. పాత వెస్పా స్కూటర్ ఇంజన్ దించి, గేర్‌బాక్స్ మొత్తం విప్పి, మళ్లీ బిగించిన అనుభవం రాశావు. నీ చేతికి పని తెలుసు. అది ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన చోటు చెప్తాను. గేర్ని పట్టుకునే నాలుగు కొమ్ముల ముక్క, అదే గేర్ క్రాస్, కొత్తది వేసి ఇంజన్ మూశావు. బండి తీస్తే రెండో గేర్ మళ్లీ జారింది. ఆ తర్వాత నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం: 'మళ్లీ విప్పి చూసి, వాషర్ మార్చాక సమస్య తీరింది.' వ్యాసానికి ప్రాణం ఆ వాక్యంలో ఉంది, నువ్వు దాన్ని దాటేశావు. మూసిన ఇంజన్ మళ్లీ విప్పాల్సి వచ్చిందని చెప్పుకోవడానికి మనసొప్పలేదని అర్థమైంది. కానీ ఈ వ్యాసం ఎవరు చదువుతారో ఆలోచించు. కొత్త క్రాస్ వేశాక కూడా గేర్ జారుతుంటే, ఏం చేయాలో తోచక, గ్రీజు చేతులతో కూర్చున్నవాడు చదువుతాడు. అతనికి కావలసింది ఆ రెండోసారి విప్పిన రోజే.

ఆ రోజు ఏం చూశావో నెమ్మదిగా రాయి. నువ్వు పంపిన ఫొటోలో పాత క్రాస్ ఉంది. దాని నాలుగు కొమ్ముల్లో ఒకదాని అంచు మీద వెలుతురు సన్నటి గీతలా మెరుస్తోంది. అంచు పదునుగా ఉంటే అలా మెరవదు, అరిగి గుండ్రమైతేనే మెరుస్తుంది. గోరు పెట్టి లాగితే కొత్త క్రాస్ అంచు గోటిని పట్టుకుంటుంది, అరిగినదాని మీద గోరు జారిపోతుంది. గేర్ జారేదీ అలాగే. గేర్లు కూర్చునే ఇరుసు, అంటే యాక్సిల్, దాని లోపల ముందుకీ వెనక్కీ జరిగే క్రాస్, ఏ గేర్ కావాలో దాని లోపలి గాడిలో కూర్చుని దాన్ని యాక్సిల్‌తో కలిపి తిప్పుతుంది. అంచు గుండ్రమైతే లోడు పడ్డప్పుడు ఆ వంపే క్రాస్‌ని గాడి లోంచి బయటికి నెడుతుంది. ఇంత చెప్తే చదివేవాడికి బొమ్మ అవసరం ఉండదు.

క్రాస్ ఒక్కటే అరగదు. దానికి ఎదురుగా ఉన్న గేర్ గాడి అంచు కూడా అరుగుతుంది. కొత్త క్రాస్ వేసినప్పుడు ఆ గాడి చూశావా? చూడకపోతే చూడలేదనే రాయి. చూసి, ఫరవాలేదనుకుని వదిలేస్తే, ఎందుకలా అనుకున్నావో రాయి. నువ్వు ఏం అనుకున్నావో, అది ఎక్కడ తప్పిందో జరిగిన వరసలోనే పెట్టు. ఇప్పుడు జవాబు తెలుసు కాబట్టి మొదటి నుంచీ తెలిసినట్టు రాస్తున్నావు. రిపేర్ రాతలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే. జవాబు తెలిసిన చెయ్యి, తెలియని రోజును రాయాలి.

ఇక వాషర్ సంగతి. యాక్సిల్ మీద వరసగా కూర్చున్న గేర్లు పక్కకి ఎంత కదులుతున్నాయో కొలిచి, దానికి తగిన మందం వాషర్ ఎంచుకోవాలి. పెద్ద ఫ్రేమ్ వెస్పాలకి ఆ సందు 0.15 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే ఎక్కువైతే గేర్ పక్కకి జరిగి క్రాస్‌కి పూర్తి పట్టు దొరకదు. క్రాస్ ఎంత కొత్తదైనా లాభం లేదు. నీ రెండో గేర్ కథ ఇదే అయుండాలి. మరీ తక్కువైతే గేర్లు బిగుసుకుంటాయి. దీని మీద ఒక పేరా కాదు, ఒక పేజీ రాసినా ఎక్కువ కాదు. సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ ఎక్కడ దూర్చావు, ఏ బ్లేడు దూరింది, ఏ బ్లేడు దూరలేదు, వాషర్ మార్చాక మళ్లీ కొలిచావా, అన్నీ కావాలి. 'కొంచెం లూజుగా ఉంది' అంటే నీ వేలికి తెలుస్తుంది కానీ చదివేవాడి వేలికి తెలియదు.

ఇంకో మాట. వ్యాసమంతా 'గేర్ ప్రాబ్లమ్' అని రాశావు. గేర్ పడకపోవడం ఒక జబ్బు, పడిన గేర్ జారడం ఇంకో జబ్బు. గేర్ వేసేటప్పుడు కరకరమంటూ మొరాయిస్తుంటే, బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ వేయగానే ముందుకి లాగుతుంటే, ముందు క్లచ్‌ని అనుమానించాలి. క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. లోడు మీద జారుతుంటే క్రాస్, గాడి, వాషర్ల వైపు చూడాలి. ఈ రెండు జబ్బులకీ కేబుళ్లు కూడా కారణం కావచ్చు. హ్యాండిల్ మీద రెండు అంకె చూపిస్తున్నా కింద క్రాస్ని జరిపే సెలెక్టర్ ఆ చోటికి పూర్తిగా రాకపోవచ్చు. అది సరిచేయడానికి ఇంజన్ దించక్కర్లేదు, అడ్జస్టర్ తిప్పితే చాలు. నువ్వు కేబుళ్లు చూశావని నాకు తెలుసు, ఫోన్లో చెప్పావు. వ్యాసంలో మాత్రం లేదు. అది చదివి ఎవరైనా కేబుల్ లూజుకి ఇంజన్ విప్పితే మనసుకి కష్టంగా ఉండదా?

నాకు అలాంటిదొకటి జరిగింది. చాలా ఏళ్ల క్రితం ఇంజన్ కేస్ మూసే పద్ధతి మీద ఒక వ్యాసం రాశాను. కిక్ గేర్ కింద ఉండే చిన్న స్ప్రింగ్ గురించి రాయలేదు. అది అందరికీ తెలుసనుకున్నాను. ఒకతను నా రాతని పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యం చదువుకుంటూ ఇంజన్ మూశాడు. అంతా అయ్యాక కిక్ కొడితే పట్టలేదు. మళ్లీ అంతా విప్పాడు. నన్ను ఒక్క మాట కూడా అనకుండా, ఆ స్ప్రింగ్ సంగతి కూడా కలపండి సార్ అని ఉత్తరం రాశాడు. అప్పటి నుంచి ఏదైనా రాశాక, పార్టులన్నీ గుడ్డ మీద పరుచుకుని, ఒక్కొక్కటీ నా రాతలో ఎక్కడుందో వేలు పెట్టి చూసుకుంటాను. నువ్వూ అలా చెయ్యి. బేరింగ్లో వదులుగా ఉండే సూదుల్లాంటి నీడిల్ రోలర్లు నీ వ్యాసంలో ఎక్కడా లేవు. అవి గ్రీజుతో నిలబెట్టకపోతే రాలిపోతాయని నీకు బాగా తెలుసు.

'సులభంగా' అన్న మాట ఆరుచోట్ల ఉంది. ఆరూ తీసెయ్. 'కేస్ సులభంగా విడిపోతుంది' అని చదివినవాడు, విడిపోకపోతే లోపం తనదనుకుంటాడు. కంగారులో స్క్రూడ్రైవర్ దూర్చి గ్యాస్కెట్ కూర్చునే అంచుని గీకేస్తాడు. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ మొండికేసిందో రాస్తే టెన్షన్ లేకుండా పని చేస్తాడు. 'సరైన ఆయిల్ పోశాను' అన్నది కూడా మార్చు. ఎస్‌ఏఈ 30 ఆయిల్, 250 మిల్లీలీటర్లు అని చెప్పెయ్. క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి, గేర్‌బాక్స్ కదా అని చిక్కటి ఆయిల్ పోస్తే క్లచ్ సరిగా వదలదని కూడా చెప్పు.

మొదట్లో చరిత్రకి నాలుగు పేరాలు పెట్టావు. 1946లో వెస్పా పుట్టడం, దాన్ని చేసిన కంపెనీ పియాజియో, డిజైన్ చేసిన డాస్కానియో, అన్నీ నిజమే. కానీ ఆ బండి చదివేవాడి ఇంట్లోనే ఉంది, దాని పుట్టుక అతనికి ఇప్పుడు అక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం ఉంచు. విమానాల ఇంజనీరైన డాస్కానియో వెనక చక్రానికి చైన్ లేకుండా చేశాడు. చక్రం నేరుగా గేర్‌బాక్స్ యాక్సిల్ మీదే కూర్చుంటుంది. దాన్ని చరిత్రలా కాకుండా, నువ్వు వెనక చక్రం ఊడదీసే చోట రెండు ముక్కల్లో చెప్పు. అక్కడైతే కళ్లెదుట ఉన్న యాక్సిల్‌ని చూస్తూ చదువుతాడు.

భాష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 'సంయోజకము', 'దంతచక్రము' లాంటివి నీ నోట ఎప్పుడూ వినలేదు. క్లచ్ అని, గేర్ అని రాయి.

తిరగరాసి ఎప్పుడు పంపినా సరే, చదువుతాను. ఈలోపు ఒక్కటి మాత్రం తెలియజెయ్యి. రెండోసారి మూసే ముందు ఆ సందు ఎంత వచ్చింది? వ్యాసమంతా వెతికాను, ఆ అంకె ఎక్కడా లేదు.