మాట్లాడే బొమ్మలు చూసి కాలేజీ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె, బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. ఒక కాలేజీలో మాట్లాడే, ఊపిరి తీసుకునే బొమ్మలున్న సిమ్యులేషన్ ల్యాబ్ చూపించారు. వాళ్లకు సొంత ఆసుపత్రి లేదు. ఇంకో కాలేజీకి పెద్దాసుపత్రి ఉంది, ల్యాబే చిన్నది. ఎందులో చేర్పించమంటారు? – ఒక తండ్రి

జవాబు: ఆసుపత్రి ఉన్న దాంట్లోనే చేర్పించండి సర్. అలాగని ల్యాబ్‌ని తీసిపారేయొద్దు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో సిమ్యులేషన్ కూడా చదువులో భాగమే. క్లినికల్ గంటల్లో, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర నేర్చుకునే సమయంలో, సగం దాకా సిమ్యులేషన్ పెట్టినా పిల్లలు వెనకబడలేదని 2014లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఈ మాట కాలేజీల వాళ్లు గొప్పగా చెబుతారు. అక్కడ దానికోసమే తర్ఫీదు పొందిన టీచర్లున్నారనీ, ప్రతి కేసు తర్వాతా కూర్చోబెట్టి మాట్లాడారనీ మాత్రం చెప్పరు.

అసలు చదువంతా ఆ మాటల్లోనే ఉంది. డీబ్రీఫింగ్ అంటారు దాన్ని. బొమ్మకు బీపీ పడిపోతోంది. నువ్వు ముందు ఏం గమనించావు, డాక్టర్‌కు చెప్పడానికి ఎందుకు తటపటాయించావు అని టీచరు తిట్టకుండా రాబట్టాలి. క్లాసు మొత్తాన్ని బొమ్మ చుట్టూ నిలబెట్టి మేడమ్ ఒక్కరే చేసి చూపిస్తే అది డెమో, అంతే.

ముందుగా చెప్పకుండా ఓ పనిరోజున రెండు ల్యాబులూ చూసి రండి. ఐవీ (సెలైన్ ఎక్కించే సూది) పెట్టడం నేర్పే రబ్బరు చెయ్యి ఉంటుంది. సూది పోట్లతో అది జల్లెడలా ఉంటే పిల్లలు వాడుతున్నట్టే. నిగనిగలాడుతుంటే తనిఖీల కోసం కొన్నదేమోనని అనుమానించండి. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పీకేస్తాయి. లోతు సరిపోతే టిక్కుమనే మామూలు బొమ్మ చాలు దానికి, లక్షలు పోసి కొన్నది అక్కర్లేదు. మూడో ఏడాది అమ్మాయి ఎవరైనా కనబడితే, "నీ చేత్తో నువ్వు ఆఖరిసారి ఎప్పుడు చేశావమ్మా?" అని అడగండి.

వార్డులో రోగులు నొప్పి ఎక్కడో కన్నడలోనో, తమిళంలోనో, ఉర్దూలోనో చెబుతారు. కంగారుపడే బంధువులు చుట్టూ ఉంటారు. అది ల్యాబ్‌లో పూర్తిగా అబ్బేది కాదు. మీ అమ్మాయికి కన్నడ వస్తే సగం బెంగ తీరినట్టే.

ఒక్క షరతు. ఆ పెద్దాసుపత్రిలో మంచాలు నిజంగా రోగులతో నిండి ఉన్నాయో లేదో కూడా చూడండి. ఖాళీ వార్డులైతే నా సలహా పక్కన పెట్టేసి, మొదటి కాలేజీ పిల్లల్ని క్లినికల్స్‌కు ఏ ఆసుపత్రికి, వారానికి ఎన్ని రోజులు పంపుతోందో కనుక్కోండి.