బంగారు పూత వెండి సామాను నల్లబడితే

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళికి వచ్చిన కానుకల్లో బంగారు పూత వేసిన వెండి కుంకుమ భరిణె, రెండు గ్లాసులు, ఒక చిన్న పళ్ళెం ఉన్నాయి. చాలాకాలం తరువాత బీరువాలోంచి తీస్తే అంచుల వెంబడి, నగిషీ పనిలో నల్లని మచ్చలు కనిపించాయి. బంగారం నల్లబడదంటారు కదా, పూత నకిలీదా? మామూలు వెండిలాగే చింతపండు, విభూతితో తోమవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మచ్చలు వచ్చినంత మాత్రాన పూత నకిలీదని అనుకోనక్కరలేదు. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తగిలి వెండిపై సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. బంగారానికి ఆ బెడద లేదు. అయితే ఈ పూత ఎంతో పలుచనిది. అమెరికాలో ఇటువంటి వస్తువును ‘వెర్మే’ అనే పేరుతో అమ్మాలంటే పూత కనీసం 2.5 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో 400వ వంతు మందం ఉండాలి. కానుకల కోసం చేసే వస్తువులకు అంత కూడా ఉండకపోవచ్చు. పలుచని పూతలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వాటి గుండా అడుగునున్న వెండి నల్లబడి, ఆ నలుపు బంగారం మీదికి పాకుతుంది. చేతి రాపిడికి పూత ముందుగా అరిగేది అంచుల దగ్గరే కాబట్టి మచ్చలు కూడా అక్కడే ముందు కనిపిస్తాయి.

చింతపండు, విభూతి, పళ్ళపొడి, టూత్‌పేస్టు, వెండి మెరుగుపెట్టే పొడులు వేటినీ వాడవద్దు. మామూలు వెండిని తోమితే పై పొర పోయినా అడుగున మళ్ళీ వెండే ఉంటుంది. ఇక్కడ పోయేది బంగారం. ముంచి తీస్తే క్షణంలో మెరిసే ద్రావకాలు కూడా పనికిరావు, ఎందుకంటే వాటిలోని ఆమ్లం రంధ్రాల్లోకి దిగి, ఎంత కడిగినా కొంత అక్కడే మిగిలి, లోపలి వెండిని తినివేస్తుంది. అల్యూమినియం రేకు, వంటసోడా వేసిన వేడినీళ్ళలో వెండిని ముంచి నలుపు పోగొట్టే చిట్కాను కూడా ఈ వస్తువుల మీద ప్రయోగించకండి.

భరిణెను తడిపే ముందు పొడి కుంచెతో కుంకుమ పూర్తిగా దులపండి. తడిసిన కుంకుమ నగిషీ గీతల్లో దిగిందంటే తీయడం కష్టం. తరువాత చేతి ఉంగరాలు తీసివేసి, గోరువెచ్చని నీళ్ళలో గాఢత లేని ద్రవ సబ్బు ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తని నూలు గుడ్డతో ఒక్కొక్క వస్తువునే ఒత్తిడి లేకుండా తుడవండి. మంచినీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టండి. మూత మడత దగ్గర చెమ్మ నిలవకుండా చూడండి. అప్పటికీ కొంత నలుపు మిగిలితే దానిని అలాగే వదిలేయడం మేలు. వెండి పూర్తిగా బయటపడి ఉంటే మాత్రం పూత పనివారి చేత మళ్ళీ పూత వేయించుకోవలసిందే.

ప్రశ్న: ఇటువంటి సామాను వార్తాపత్రికలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి దాస్తున్నాము. సరైనదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సరికాదు. రబ్బరులో గంధకం ఉంటుంది. బ్యాండు పడిన చోట, మధ్యలో కాగితం ఉన్నప్పటికీ, నల్లని చార తేలుతుంది. వార్తాపత్రిక కాగితం, సిరా, ఉన్ని గుడ్డ కూడా వెండికి పడవు. ఉతికి బాగా ఆరబెట్టిన, రంగు వేయని నూలు గుడ్డలో విడివిడిగా చుట్టి, గాలి చొరబడని పాలిథీన్ సంచిలో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. పొట్లం వస్తువుకు నేరుగా తగలకూడదు. సముద్ర తీరపు ఊళ్ళలో ఈ పొట్లాలను తరచు మార్చాలి.

ప్రశ్న: లోపల బంగారు పూత ఉన్న వెండి గిన్నెలో ఉప్పు పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వడ్డించేటంతసేపు పోయవచ్చు. ఉప్పు వెండిని తినివేస్తుంది కనుకనే పాశ్చాత్య దేశాల్లో పూర్వం వెండి ఉప్పుగిన్నెల లోపల బంగారు పూత వేయించేవారు. అక్కడ అది అలంకారం కోసం మాత్రమే కాదు. భోజనం ముగియగానే ఉప్పు తీసివేసి గిన్నె కడిగి తుడవండి. లోపలి పూత చెదిరిందని తెలిస్తే ఉప్పుకు గాజు గిన్నె వాడండి.